రెల్లుపొదలో పెద్దాయన

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరేసరికి ఒక్క మడుగే మిగిలేది. వాగులు ఎండిపోయేవి, చెలమలు ఇంకిపోయేవి. ఏనుగులు పలుకుబడి ఉన్నవి కాబట్టి మాఘమాసంలోనే పక్క అడవికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయేవి. మిగిలిన చిన్నా పెద్దా జీవాలన్నిటికీ వానలు పడేదాకా ఆ మడుగే గతి.

నలుగురూ ఒకచోట నీళ్ళు తాగాలంటే ఒక సంఘం ఉండాలి కదా. ఉండేది. మడుగు సంఘానికి అధ్యక్షుడు చలమయ్య అనే అడవిదున్న. ఏ ఫిర్యాదు తెచ్చినా కళ్ళు సగం మూసి, నెమరు వేస్తూ మొత్తం విని, "చూద్దాంలే" అనేవాడు. మళ్ళీ ఏడాది అదే ఫిర్యాదుతో వస్తే, "కిందటేడే చూద్దామన్నాను కదయ్యా!" అని విసుక్కునేవాడు.

సంఘానికి గుమాస్తా గంగులు. ముళ్ళపంది. పొట్టి కాళ్ళు, పెద్ద బాధ్యత. ఎవరు ఎప్పుడు నీళ్ళు తాగాలో వరస వేయడం ఆయన పని. పొద్దున్నే పక్షులు, తర్వాత కుందేళ్ళు, ఆ తర్వాత దుప్పులు, అటు పిమ్మట పెద్ద కొమ్ములవాళ్ళు, అందరూ అయ్యాక బురదలో పొర్లే అలవాటున్న అడవిపందులు. ఎవరూ వంక పెట్టలేని వరస. పదకొండు ఎండాకాలాలుగా గంగులు దాన్ని రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి చదివేవాడు. పదకొండు ఎండాకాలాల్లో ఒక్కరోజు కూడా అది అమలు కాలేదు.

కారణం భూపతి. అడవిపందుల నాయకుడు. పక్షులు కూడా లేవకముందే తన బలగంతో మడుగులో దిగి, నీళ్ళని చిక్కటి అంబలి చేసి, ఒడ్డున పడుకుని గుర్రు పెట్టేవాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ బురద తాగాలి. కుందేళ్ళకి అదీ దక్కేది కాదు.

"భూపతి గారూ, మీ వంతు చివరండి," అన్నాడు గంగులు ఒకనాడు, గుండె చిక్కబట్టుకుని.

"ఎవడు వేశాడా వంతు?"

"సంఘం వేసిందండి."

"సంఘంలో నేను సభ్యుణ్ణా, కాదా?"

"సభ్యులేనండి."

"మరింకేం? ముందు తాగమని నాకు నేనే చెప్పుకుంటున్నాను. రాసుకో."

పందులన్నీ పగలబడి నవ్వాయి. గంగులు ముఖం చిన్నబుచ్చుకుని పక్కనే ఉన్న రెల్లుపొదలోకి వెళ్ళి కూర్చున్నాడు. నలుగురి ముందు ఏడిస్తే గుమాస్తా పదవికి బాగుండదని.

కూర్చోవడం సరిగ్గా గండుచీమల పుట్ట మీద కూర్చున్నాడు. ఒక చీమ ఎక్కడ కుట్టాలో అక్కడ కుట్టింది. గంగులు ఎగిరి పడి, ఒళ్ళు విదిలించుకున్నాడు. తోక ముళ్ళు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. రెల్లు అంతా ఊగిపోయింది.

అంతే. మడుగులో ఉన్న జీవం ఒక్కటి మిగలకుండా ఒడ్డెక్కి పారిపోయింది. అందరికంటే ముందు పారిపోయినవాడు భూపతి. బలగం వెనక, ఆయన ముందు.

గంగులు కదలకుండా పొదలోంచి చూస్తున్నాడు. కాసేపటికి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. మెల్లగా, తలలు వంచుకుని. ముందు పిచ్చుకలు తాగాయి. తర్వాత కుందేళ్ళు. ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు. చివరికి భూపతి వచ్చి, గట్టు మీదే ఆగి, పొద వైపు చూసి, గొంతు సవరించుకుని అడిగాడు:

"లోపల ఎవరండీ?"

భూపతి నోట 'అండీ' అనే మాట రావడం ఈ అడవిలో అదే మొదలు.

ఆ మధ్యాహ్నం గంగులు ఓబులేసు దగ్గరికి వెళ్ళాడు. ఓబులేసు అలుగు. ఒంటి నిండా పొలుసులు, తల నిండా చదువు. చెదపుట్టల పక్కన ఒంటరిగా ఉండి ఆలోచించడమే ఆయన వృత్తి. ఎవరైనా గట్టిగా ఎదురు మాట్లాడితే ఉండలా చుట్టుకుపోయేవాడు. గంగులు అసలు సంగతి దాచి అడిగాడు:

"అయ్యా, పొద కాస్త కదిలితే అందరూ అలా పరిగెడతారెందుకు? పది కదలికల్లో తొమ్మిది గాలేగా?"

"నూటికి తొంభై తొమ్మిది గాలే," అన్నాడు ఓబులేసు సంతోషంగా. ఆయన్ని ప్రశ్న అడిగి చాలాకాలమైంది. "పూర్వం ఈ అడవిలో రెండు రకాల దుప్పులు ఉండేవి గంగులూ. పొద కదిలితే 'గాలి' అనుకునేవి ఒక రకం. 'ఎవరో ఉన్నారు' అనుకునేవి ఇంకో రకం. గాలి అనుకున్న దుప్పులు తొంభై తొమ్మిది సార్లు తెలివైనవి. నూరోసారి పులికి భోజనం. రెండో రకంవి తొంభై తొమ్మిది సార్లు వెర్రివి. నూరోసారి బతికి ఉన్న వెర్రివి. ఇప్పుడు చెప్పు, ఈ అడవిలో ఉన్నవాళ్ళం ఎవరి సంతానం?"

గంగులు ఆలోచించాడు. "పారిపోయినవాళ్ళ సంతానం."

"అదీ! చప్పుడు ఉంటే చేసినవాడు ఉండాల్సిందే మనకి. చేసినవాడు ఉంటే, వాడు మనల్ని చూస్తూ ఉండాల్సిందే. చూస్తున్నవాడు ఉంటే వాడికి మన మీద ఏదో అభిప్రాయం ఉండాల్సిందే. ఒళ్ళే అలా తయారైంది. బుర్రని అడిగి లాభం లేదు."

గంగులు ఆ మాట మూటకట్టుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు గట్టు మీద వరస చదివి, చివర్లో ఒక వాక్యం కలిపాడు. "వరస తప్పితే ఆయనకి నచ్చదట."

"ఎవరికి?" అన్నాయి దుప్పులు.

"పెద్దాయనకి," అని గంగులు రెల్లుపొద వైపు కనుసైగ చేశాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేని జీవి. కాళ్ళు వణికాయి. ఆ వణుకు చూసి, గంగులుకే ఇంత భయంగా ఉంటే లోపల ఎంతటివాడు ఉన్నాడో అని అందరికీ ఇంకా నమ్మకం కుదిరింది.

ఆ రోజు నుంచి గంగులు వరస చదవడం, పొద చుట్టూ తిరిగి వెనకనుంచి దూరడం, ఎవరైనా వరస తప్పితే తోక ఆడించడం. ఆ ఏడు మడుగు అద్దంలా ఉంది. పిల్లల తల్లులు తీరిగ్గా వచ్చి తాగి వెళ్ళేవారు. సింగారి అనే కుందేలు, ఆ మధ్యే ముగ్గురు పిల్లల్ని కన్నది, నీళ్ళలోకి తొంగి చూసి ఆశ్చర్యపోయింది.

"గంగులు బాబాయ్! ఈ మడుగుకి అడుగుందే! గులకరాళ్ళు కూడా ఉన్నాయి! నాకు ఇన్నాళ్ళూ తెలీదు."

ఆ మాటకి గంగులు కడుపు నిండిపోయింది. అధ్యక్షుడు చలమయ్య కూడా, "చూద్దాం చూద్దాం అంటే ఊరికే అన్నానా? చూశారుగా!" అని ఆ ఘనత కాస్తా తన ఖాతాలో వేసుకున్నాడు.

ఇక జనం ఊరుకుంటారా? పెద్దాయన ఎలా ఉంటాడన్నది చర్చకి వచ్చింది. దుప్పులు ఆయనకి కొమ్ములుంటాయన్నాయి. పందులు కోరలన్నాయి. ఒక కొంగ ఓ పొద్దున ఎడమకాలు ఎత్తి నిలబడి ఉండగా పెద్ద చేప దొరికింది. పెద్దాయనకి ఎడమకాలు ఎత్తితే ఇష్టమని అది తీర్మానించుకుంది. వారం తిరిగేసరికి కొంగలన్నీ ఎడమకాలు ఎత్తేశాయి. చేపలు దొరికిన రోజు, చూశారా అనేవి. దొరకని రోజు, ఎత్తు చాల్లేదు అనేవి.

గంగులు ఇవన్నీ విని పొదలో కూర్చుని లోలోపల నవ్వుకునేవాడు. పోన్లే, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి కదా అనుకునేవాడు.

వైశాఖంలో గంగులుకి జ్వరం తగిలింది. మూడు రోజులు బొరియలోంచి లేవలేదు. మడుగు ఏమైపోయిందో, భూపతి ఎంత కలియబెట్టాడో అని ఒకటే బెంగ. నాలుగో రోజు తూలుకుంటూ వచ్చి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. వరస వరసలాగే ఉంది.

"రా గంగులూ," అన్నాడు చలమయ్య. "ఈ మూడు రోజులూ పెద్దాయన ఒకటే మాటలు. నిన్నయితే మరీ కోపంగా ఉన్నాడు."

"ఎవరు... ఎవరు మాట్లాడారండీ?"

"ఇంకెవరు? పొదలో చప్పుడు అయింది. మన పట్టాభి అర్థం విడమర్చి చెప్పాడు."

నిన్నంతా పడమటి గాలి వీచిన సంగతి గంగులుకి గుర్తుంది. బొరియలో ఆ గాలికే కదా వణికింది. జ్వరం తగ్గిందనుకున్నాడు గానీ వెన్నులో మళ్ళీ చలి పుట్టింది.

పట్టాభి అంటే ఉడుము. దేన్నయినా పట్టుకుంటే వదలడు. ఉడుముకి నాలుక చివర రెండుగా చీలి ఉంటుంది కదా. ఒక కొనతో పెద్దాయన మాట చెప్పేవాడు, రెండో కొనతో తన మాట. ఏది ఏదో వినేవాళ్ళకి తెలిసేది కాదు. పెద్దాయనకి పక్షిగుడ్లంటే మహా ప్రీతి అని మొదటిరోజే తేలింది. పొద అంచున రోజూ నాలుగు గుడ్లు పెట్టేవారు. సాయంత్రానికి పెద్దాయన వాటిని స్వీకరించేవాడు. పట్టాభి ఒళ్ళు చేశాడు.

గంగులు వాణ్ణి పక్కకి పిలిచాడు. "పట్టాభీ, ఆ పొదలో ఎవరూ లేరయ్యా."

"తెలుసు," అన్నాడు పట్టాభి, ఎండ కాచుకుంటూ. "మొదట్లో మీరు కూర్చునేవారు. నేను వెనక బండ మీద పడుకుని చూసేవాణ్ణి. బాగా ఆడించేవారు తోక."

"మరి తెలిసి కూడా..."

"మీరు మూడు రోజులు మానేశారు. వాళ్ళు మానలేదు. ఇది మీ చెయ్యి దాటిపోయింది గంగులు గారూ. నిజం చెప్పాలంటే నా చేతిలోనూ లేదు. గుడ్లు మాత్రం ఉన్నాయి." అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ వారమే పట్టాభి కొత్త నియమం తెచ్చాడు. చప్పుడు వినబడగానే ఎవరూ పరిగెత్తకూడదు. ఉన్నచోటే నిలబడి, తల వంచి, కళ్ళు మూసుకోవాలి. పరిగెత్తినవాడు పెద్దాయన్ని నమ్మనివాడు.

"కాళ్ళు ఆగవండీ," అని దుప్పులు మొరపెట్టుకున్నాయి.

"ఆగవు కాబట్టే ఆపాలి," అన్నాడు పట్టాభి.

ఓబులేసుకి ఈ నియమం భలే నచ్చింది. "ఒళ్ళంతా పారిపొమ్మని మొత్తుకుంటున్నా నిలబడ్డవాడిని చూస్తే పక్కవాడికి నమ్మకం కలుగుతుంది గంగులూ. ఇంత కష్టం ఊరికే ఎవడు పడతాడు? ఒకర్నొకరు నమ్మినవాళ్ళు ఒక్కటిగా ఉంటారు. చాలా లోతైన ఏర్పాటు."

ఒక్కటిగానే ఉన్నారు. రోజూ పొద్దున్నే గాలికి రెల్లు కదలడం, వందమంది వరసగా తలలు వంచి కళ్ళు మూసుకోవడం. చూడముచ్చటగా ఉండేది.

ఆ ముచ్చట చూడడానికి కొండ అవతలనుంచి ఒక చిరుతపులి వచ్చింది.

చిరుతకి మొదట తన కళ్ళని తనే నమ్మబుద్ధి కాలేదు. పొద కదిలిస్తే పారిపోయే తిండినే అది పుట్టినప్పటి నుంచీ ఎరుగును. పొద కదిలిస్తే కళ్ళు మూసుకుని నిలబడే తిండిని ఇదే చూడడం. మొదటిరోజు మర్యాదగా ఒక్క దుప్పిని మాత్రం తీసుకుంది.

కళ్ళు తెరిచేసరికి వరసలో ఒక ఖాళీ కనబడింది. అందరూ పట్టాభి వైపు చూశారు. పట్టాభి కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి ఆయనకీ ఏమీ తెలియదు. తెలియదని అనడం అలవాటు లేదు కనుక, "పెద్దాయన పిలిపించుకున్నాడు. పుణ్యాత్మురాలు," అన్నాడు.

రెండురోజుల తర్వాత ఒక పెద్ద కొమ్ముల కణుజు పుణ్యాత్ముడయ్యాడు. ఆ మర్నాడు భూపతి బలగంలో ఒక పంది.

గంగులు ఆ సాయంత్రం పొద వెనక్కి వెళ్ళి చూశాడు. తడి మట్టిలో గుండ్రటి అడుగులు. కొత్తవి. గోళ్ళు లోపలికి ముడుచుకున్న పాదం. ఎముకల సంగతి వేరే చెప్పాలా? గంగులుకి ఈ ముగ్గురినీ తనే చంపినట్టు అనిపించింది. పొద కదిలితే పారిపోవడం తాతల నాడు నేర్చిన విద్య. ఎందరు చస్తే వచ్చిన విద్య! ఒక్క ఎండాకాలంలో తను దాన్ని మాన్పించేశాడు.

మర్నాడు పొద్దున రెల్లు కదలగానే అందరూ తలలు వంచారు, సింగారి తప్ప. ఆవిడ చెవులు వెనక్కి వాల్చి, మడుగు దాటి, గడ్డి దాటి, నేరుగా బొరియలో పడింది. ఆమె నిలబడిన చోట చిరుత పంజా దెబ్బకి మట్టి లేచింది. కళ్ళు మూసుకున్నవాళ్ళెవరూ అది చూడలేదు. అడుగుల చప్పుడు మాత్రం విన్నారు.

మిట్టమధ్యాహ్నం ఇప్పచెట్టు కింద సంఘం సమావేశమైంది. విషయం: సింగారి పరుగు.

"అమ్మాయ్, పొద్దున చప్పుడు వినబడగానే పరిగెత్తావట. నిజమేనా?" అన్నాడు చలమయ్య.

"నిజమేనండి."

"ఎందుకు?"

"చప్పుడు వినబడిందండి."

"అందరికీ వినబడింది," అన్నాడు పట్టాభి. "అందరూ నిలబడ్డారు."

"అందరూ ఎక్కడున్నారండీ? మొన్న నిలబడ్డ దుప్పి ఏది? నిలబడ్డ కణుజు ఏడి?"

"వాళ్ళని పెద్దాయన పిలిపించుకున్నాడు."

"నన్ను పిలిస్తే కుదరదని చెప్పండి. ఇంట్లో ముగ్గురు పసిపిల్లలున్నారు."

సభ గగ్గోలెత్తింది. భూపతి లేచాడు. ఈమధ్య ఆయనంత భక్తిపరుడు అడవిలో లేడు. నుదుట తడిమట్టి రాసుకుని మరీ వచ్చేవాడు. "ఇంత పొగరా! ఒకప్పుడు నేనూ ఇలాగే ఉండేవాణ్ణి. ఆ చప్పుడు నన్ను మార్చింది. ఈవిణ్ణి రేపు పొద్దున అందరికంటే ముందు, పొదకి ఆనుకుని నిలబెట్టాలి. కళ్ళు మూసుకుని!"

"సబబుగా ఉంది," అన్నాయి దుప్పులు.

సింగారి చెవులు వాలిపోయాయి. గంగులు ఓబులేసు వైపు చూశాడు. చదువుకున్నవాడు, ఒక్క మాట అనకపోతాడా అని. "దీనికి రెండు వైపులా వాదన ఉంది," అని ఓబులేసు మొదలుపెట్టాడు. భూపతి ఉరిమి చూశాడు. ఓబులేసు ఉండ అయిపోయాడు.

గంగులు లేచి మధ్యలోకి వచ్చాడు. ఈసారి కాళ్ళు వణకలేదు.

"అయ్యలారా, అమ్మలారా, తప్పు నాది. పొదలో పెద్దాయన లేడు. మొదట చప్పుడు చేసింది నేను. చీమ కుట్టింది. ఆ తర్వాత నీళ్ళు శుభ్రంగా ఉంటాయని రోజూ నేనే చేశాను. నాకు జ్వరం వచ్చినప్పుడు చేసింది గాలి. ఇప్పుడు చేస్తున్నది చిరుత. అడుగులు చూపిస్తాను, రండి!"

ఒక్కరూ కదల్లేదు.

"నమ్మరా? ఇదిగో, వినండి!" అని గంగులు వెనక్కి తిరిగి తోక గట్టిగా ఆడించాడు. గలగల గలగల.

వినబడీ వినబడగానే సభ మొత్తం తలలు వంచి కళ్ళు మూసుకుంది. చలమయ్య కొమ్ములు నేలకి ఆనాయి.

"అయ్యో, ఇది నేనండీ! నా తోక! కళ్ళు తెరవండి!" గంగులు ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తాడు. పరిగెత్తిన కొద్దీ ముళ్ళు ఇంకా మోగాయి. తలలు ఇంకా వంగాయి.

"విన్నారా!" అన్నాడు పట్టాభి, గొంతు గద్గదంగా పెట్టి. "పెద్దాయన ఈ బీద గుమాస్తా తోకలో పలికాడు! ఆయన దయకి అంతుందా?"

భూపతి కళ్ళు తెరవకుండానే గొణిగాడు. "గుమాస్తా తోకట! ఈ తోకకా నేను ఆనాడు పారిపోయింది? అదే నిజమైతే నా పరువేం కాను?"

అక్కడితో సభ ముగిసింది. శిక్ష ఖాయమైంది.

ఆ మర్నాడు తెలవారుతూనే గంగులు రెల్లుపొదలో దూరి, చిరుత వచ్చే దారికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముళ్ళపంది పోట్లాట వెనక్కి నడిచి చేసేదే. పుట్టి బుద్ధెరిగాక గంగులు ఎవరితోనూ పోట్లాడలేదు. ఎలా చెయ్యాలో కూడా సరిగ్గా గుర్తులేదు.

పొద ముందు సింగారిని నిలబెట్టారు. వెనక వందమంది. సింగారి ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ఉంచింది.

రెల్లు కదిలింది. తలలు వంగాయి. చిరుత నింపాదిగా, పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చింది. మూతి ముందుకి చాచింది.

గంగులు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ముళ్ళన్నీ నిక్కించి ఒక్కసారిగా వెనక్కి ఉరికాడు.

చిరుత అరిచిన అరుపుకి కొండ అవతలి కోతులు చెట్లు మారాయి. మూతినిండా, ముందరి పాదాలనిండా ముళ్ళు. దారి తెలియక వరసల మధ్యనుంచే దూకి, చలమయ్య వీపు మీద కాలు పెట్టి, కొండవైపు కుంటుకుంటూ పోయింది. మళ్ళీ ఆ అడవి ముఖం చూడలేదు.

అంత జరిగినా నియమం ప్రకారం ఎవరూ కళ్ళు తెరవలేదు. చప్పుడు సద్దుమణిగాక తెరిచి చూస్తే పొద ముందు సింగారి బతికే ఉంది. పొదలో గంగులు నిలబడి రొప్పుతున్నాడు. వీపు మీద సగం ముళ్ళు లేవు.

"చిరుతండీ! నా కళ్ళతో చూశాను! బాబాయే తరిమాడు!" అని సింగారి అరిచింది.

"నిజమే, నా వీపు మీద ఏదో కాలు పెట్టింది," అన్నాడు చలమయ్య.

పట్టాభి నాలుక రెండు కొనలూ ఒక్క క్షణం తడబడ్డాయి. ఒక్క క్షణమే. "ఎంత భాగ్యం! దుష్టుడు చిరుత రూపంలో వచ్చాడు. పెద్దాయన గంగులు రూపంలో వచ్చి కాపాడాడు. ఇన్నాళ్ళూ మన మధ్యే గుమాస్తాగా తిరిగిన మహానుభావుణ్ణి గుర్తించలేకపోయాం!"

"నేను గుమాస్తానే!" అన్నాడు గంగులు.

"ఆహా, ఎంత వినయం!" అన్నాయి దుప్పులు, కళ్ళనీళ్ళతో.

అందరూ కలిసి గంగుల్ని ఎత్తి రెల్లుపొద మధ్యలో, మెత్తటి గడ్డి పరిచి కూర్చోబెట్టారు. మూడు పూటలా దుంపలు వచ్చేవి. గుడ్లు మాత్రం, "ఆయనకి పడవు" అని పట్టాభి దారిలోనే ఆపేవాడు. గంగులు ఏం చెప్పినా పట్టాభి అర్థం చెప్పేవాడు. ఇంటికి పోతాను అంటే, మన హృదయాలే ఆయన ఇల్లు అట. విసుగొచ్చి మాట్లాడ్డం మానేస్తే అది మౌనదీక్ష అయింది.

ఒకసారి చలమయ్య ఒంటరిగా దొరికితే గంగులు బతిమాలాడు. "అయ్యా, మీరైనా వినండి. గుమాస్తా పనికి, ఈ పనికి, రెండిటికీ రాజీనామా చేస్తున్నాను. ఆమోదించండి."

చలమయ్య నేల మీద కొమ్ములు ఆనించి, అలవాటుగా, "చూద్దాంలే స్వామీ," అన్నాడు.

వానలు ఇంకో పదిరోజుల్లో వస్తాయనగా, ఒక సాయంత్రం సింగారి పొద దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి లోపలికి తొంగి చూసింది.

"బాబాయ్."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. గంగులు కళ్ళు చెమర్చాయి. "రా తల్లీ, రా. నువ్వొక్కదానివే చూశావు. నేను ఎవరో నీకు తెలుసు."

"తెలియకేం బాబాయ్. నువ్వు గంగులువి. చీమ కుడితే ఎగిరిపడ్డావు. చిరుతకి వీపు అడ్డం పెట్టావు. వీళ్ళు అనేవన్నీ నేను నమ్మను. ఎవరడిగినా అదే చెబుతాను."

"బతికించావమ్మా. ఒక్కరున్నా చాలు."

సింగారి కాసేపు గడ్డిపోచ నములుతూ నిలబడింది. వెళ్ళలేదు.

"ఏమ్మా, ఏదైనా కావాలా?"

"ఏం లేదు బాబాయ్. చిన్నదానికి రెండు రోజుల నుంచి ఒళ్ళు కాలిపోతోంది. పాలు తాగడం లేదు. తెలిసిన ఆకులన్నీ నమిలి పెట్టాను." ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నువ్వు గంగులువే అని నాకు తెలుసు. అయినా... నీకేం పోయింది బాబాయ్, ఒక్కసారి తోక ఆడించవా?"

గంగులు ఆమె ముఖం వైపు చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి, మిగిలిన ముళ్ళతో, చేతనైనంత శ్రద్ధగా తోక ఆడించాడు.

సింగారి తల వంచింది. రెండు కళ్ళూ మూసుకుంది.

మర్నాటికి పిల్లకి జ్వరం తగ్గింది. తగ్గే జ్వరమే అయి ఉంటుంది. సింగారి ఎవరితోనూ ఏమీ అనలేదు. అయినా ఆ తెల్లవారి రెల్లుపొద ముందు పదిహేడుమంది తల్లులు, పిల్లల్ని చంకనేసుకుని, ఒకరినొకరు తోసుకోకుండా, చక్కగా వరసలో నిలబడ్డారు.

నీతి: అబద్ధం చెప్పి ఎక్కిన పీట మీంచి నిజం చెప్పి దిగడం కుదరదు.